పెంకిది గాలిలో నిలబడింది

మిల్లు క్వార్టర్లు,
ఫిబ్రవరి, ఆదివారం

రేడియో బావకి,

మూడో బొమ్మ హెలికాప్టర్ కూడా పోయింది.

నిన్న సాయంత్రం మిల్లు గోదాము వెనక ఖాళీ స్థలంలో నేల మీంచి జానెడు ఎత్తు లేచింది. ఆ జానెడు చూసి నేను మురిసిపోయేలోపే కుడివైపు ఒరిగి, రెక్కలు నేలకు కొట్టుకుని ముక్కలైపోయింది. మీ చెల్లి స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడి ఉంది. "ఎంతసేపు?" అని అడిగాను. "నొక్కేలోపే అయిపోయిందండీ" అంది.

నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వు. క్వార్టర్లలో అందరూ నవ్వుతూనే ఉన్నారు. పగలంతా మిల్లులో షాఫ్టులూ పంపులూ చూసుకునే ఇంజనీరు సాయంత్రం ఇంటికొచ్చి చెక్క రెక్కలు చెక్కుకుంటూ కూర్చుంటే ఇంకేం చేస్తారు? నాకు "ఫ్యాను ఇంజనీరు" అని పేరు పెట్టారు. పక్కింటాయన మొన్న తన టేబుల్ ఫ్యాను తెచ్చి, "ఇది గాలి ఇవ్వడం లేదు, వీలైతే ఎగిరేలా కూడా చెయ్యండి" అన్నాడు. గాలి వరకూ చేసిచ్చాను.

రేడియోతో నడిచే బొమ్మ విమానాలు ఇప్పుడు ప్రతి క్లబ్బులోనూ ఉన్నాయి. హెలికాప్టర్ మాత్రం నాకు తెలిసినంతలో ఎవరికీ లొంగలేదు. దొరికిన పత్రికలన్నీ తిరగేశాను. అందరూ చేసింది ఒకటే. పెద్ద హెలికాప్టర్ కొలతలు తగ్గించి చిన్నది కట్టారు. అన్నీ నాదానిలాగే బోర్లా పడ్డాయి. పెద్దది ఒరగడానికి కొంత సమయం తీసుకుంటుంది, లోపలున్న పైలట్ ఆలోగా సర్దుకుంటాడు. చిన్నది రెప్పపాటులో ఒరుగుతుంది, మనిషి చెయ్యి అంత తొందరగా కదలదు. అందుకని మనిషిని తొందరపెట్టి లాభం లేదు. దాన్నే నిదానించేలా చెయ్యాలి. ఎలా చెయ్యాలో నాకొక ఆలోచన ఉంది.

కానీ నా దగ్గరున్న రేడియో రెండు ఆజ్ఞలకంటే ఎక్కువ మొయ్యలేదు. నాకు నాలుగు కావాలి, నాలుగూ ఒకేసారి. పైకి లేపడానికి ఒకటి, ముందూ వెనకలకి ఒకటి, పక్కలకి ఒకటి, తోక తిప్పడానికి ఒకటి. బజారులో దొరకదు. చెయ్యగల మనిషి నాకు తెలిసి నువ్వొక్కడివే.

మీ చెల్లి దీనికి "పెంకిది" అని పేరు పెట్టింది. చెప్పిన మాట వినదట.

నీ
ఇంజనీరు బావ


రేవు వైర్‌లెస్ స్టేషన్,
ఏప్రిల్ పది

ఇంజనీరు బావకి,

పెట్టె పంపుతున్నాను. పైన "గాజు సామాను" అని రాశాను, లేకపోతే పోస్టాఫీసు వాళ్ళు దాన్ని కూర్చోవడానికి వాడుకుంటారు. చేతిలో పట్టుకునే పెట్టెకి రెండు కర్రలుంటాయి, ఒక్కో కర్రకి రెండేసి పనులు. హెలికాప్టర్‌లో పెట్టే రిసీవర్ చిన్నది, అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత. నాలుగు ఆజ్ఞలూ ఒకదాని కాలు ఒకటి తొక్కకుండా పోతాయి. ఇక్కడ కొండ మీద పెట్టి, రేవు గోడ దాకా నడిచి చూశాను. అంతదూరం నుంచీ మాట విన్నది.

ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఓడల రాకపోకలు ఎక్కువైపోయి, చెవుల మీంచి హెడ్‌ఫోను దించే తీరిక లేకపోయింది.

నువ్వు రాసిన "దాన్నే నిదానించేలా చెయ్యాలి" అన్న మాట గురించి వారం రోజులు ఆలోచించాను. చదువుకునే రోజుల్లో నువ్వు లెక్క తప్పితే పేజీ చింపేవాడివి కాదు, ఎక్కడ తప్పిందో దాని పక్కనే రాసుకునేవాడివి. మేమందరం తప్పులు దాచుకుంటుంటే నువ్వు వాటిని పోగుచేసుకునేవాడివి. ఇది ఎవరైనా చెయ్యగలిగితే నువ్వే చేస్తావని నా నమ్మకం. మా చెల్లి చిట్టి నీ పక్కనుంది కనక ఇంకా నమ్మకం.

రేడియో బావ


మిల్లు క్వార్టర్లు,
మే, మొదటి ఆదివారం

రేడియో బావకి,

కూర్చుని చదువు. నాలుగు సెకన్లు!

పెద్ద రెక్కల మీద అడ్డంగా ఒక సన్నటి ఉక్కు కడ్డీ పెట్టాను, దాని రెండు చివర్లా చెంచాల్లాంటి చిన్న తెడ్లు. నా ఆజ్ఞ ముందు ఆ తెడ్లకి వెళుతుంది. అవి తీరిగ్గా వంగి, ఆ తర్వాత పెద్ద రెక్కల్ని వంచుతాయి. మధ్యలో ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టన్నమాట. పెంకిది ఎగిరిపోకుండా నాలుగు వైపులా తాళ్ళు కట్టి లేపాం. మోకాలెత్తున నిలబడింది. వణికింది, ఊగింది, కానీ నిలబడింది. నాలుగు సెకన్లు లెక్కపెట్టాక తాడుకి తగులుకుని కూర్చుంది.

ఇంటికొచ్చి మీ చెల్లి నా మొహం చూసి, "ఏమండీ, అన్నం తింటారా, ఇవాల్టికి ఆ నాలుగు సెకన్లే సరిపోతాయా?" అని అడిగింది.

నీ రేడియో బంగారం. వచ్చే వారం ఒక్కొక్క తాడే విప్పుతాం.

ఇంజనీరు బావ


మిల్లు క్వార్టర్లు,
జూన్ ఇరవై రెండు

ప్రియమైన బావకి,

మేము క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. ఇకమీదట ఉత్తరాలు టైపు చేయించి పంపదలచుకున్నాను. నా దస్తూరీ నీకు ఎప్పుడూ కష్టమే కదా.

వర్షాల వల్ల ప్రయోగాలు కొన్నాళ్ళు ఆపాము. రేడియో బాగానే ఉంది. దాని గురించి నువ్వు ఆలోచించనక్కరలేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
బావ


రేవు వైర్‌లెస్ స్టేషన్,
జూన్ ఇరవై ఎనిమిది

చిట్టీ,

ఈ ఉత్తరం నీకే. ఆఫీసు అడ్రసుకి పంపుతున్నాను.

మీ ఆయన పదిహేనేళ్ళుగా నాకు ఉత్తరాలు రాస్తున్నాడు. ఒక్కసారి కూడా "మేము క్షేమం" అని మొదలుపెట్టలేదు. మొన్నది చదువుతుంటే ఏదో బ్యాంకు నుంచి వచ్చినట్టుంది. టైపు చేసింది నువ్వేనని తెలుస్తూనే ఉంది, మీ ఆఫీసు మిషను మీద "ర" కొంచెం పైకి పడుతుంది. కానీ మాటలు నీవి కావు, అతనివీ కావు.

పైగా నేను అడక్కుండానే రేడియో బాగుందని రాశాడు. అడగని ప్రశ్నకి జవాబిచ్చే మనిషి కాదతను.

ఏం జరిగింది? నాకు మెత్తగా చెప్పాలని చూడకు. ఉన్నదున్నట్టు రాయి.

అన్నయ్య


మిల్లు ఆఫీసు,
జులై మూడు

అన్నయ్యా,

చెప్పనని ఆయనకి మాటిచ్చాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఆ మాట తప్పుతున్నాను. ఈ ఉత్తరం పోస్టు చేశాక ఇంటికెళ్ళి తప్పానని కూడా చెబుతాను.

జూన్ తొమ్మిదిన ఒక్క తాడుతో లేపాం. నాలుగు నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. ఆయన దించబోయారు, దిగలేదు. కర్ర పూర్తిగా కిందికి లాగినా ఇంజను జోరు తగ్గలేదు. గిర్రున తిరిగి నేను నిలబడ్డ వైపు వచ్చింది. తప్పుకునే వ్యవధి లేదు. ఆయన పెట్టె కింద పడేసి పరిగెత్తుకొచ్చి తాడు పట్టి లాగారు. అది ఆయన మీద పడింది.

కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ మొదటి కణుపు దాకా పోయాయి. ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాం. గాయం మానింది. చొక్కా గుండీలు ఎడం చేత్తో పెట్టుకోవడం నేర్చుకున్నారు. పెన్ను మాత్రం నిలవడం లేదు.

ఇంటికొచ్చిన రోజే రిసీవర్ విప్పారు. ఇంజను జోరు తగ్గించే తీగని అతికించిన సోల్డరింగ్ ఊడిపోయి ఉంది. అది నాకు చూపించి, "మీ అన్నయ్యకి ఇది తెలియకూడదు. తెలిస్తే మళ్ళీ రేడియో ముట్టడు" అన్నారు.

నీకు కోపమొచ్చినా సరే, బాధ కలిగినా సరే, ఆ మనిషి గురించి ఒక్క మాట చెప్పాలి. స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే నన్ను మొదట అడిగింది, "నీకేం తగల్లేదు కదా?" అని. రెండోది, "నాలుగు నిమిషాలు దాటిందా?" అని.

చిట్టి


రేవు వైర్‌లెస్ స్టేషన్,
జులై తొమ్మిది

బావా,

చిట్టి అంతా రాసింది. దాన్ని ఏమీ అనకు.

ఇప్పుడు నా వంతు. ఏప్రిల్‌లో ఓడలు ఎక్కువై ఆలస్యమైందని రాశాను. అది అబద్ధం. ఏడాదిగా నా ఎడమ కంటికి శుక్లం, కుడి కంటికీ మొదలైంది. దీపం చుట్టూ పొగ కమ్మినట్టుంటుంది. నా ఉద్యోగం చెవులతో కాబట్టి ఎవరికీ తెలియలేదు, నేనూ చెప్పలేదు. నీ రిసీవర్‌లో సగం జాయింట్లు వేలితో తడిమి పెట్టాను. గోటితో గీరి చూసి, గట్టిగానే ఉందనుకున్నాను. "నాకు కనిపించడం లేదు, ఇంకెవరినైనా చూడమను" అని ఒక్క వాక్యం రాసుంటే నీ చెయ్యి నీకుండేది. నాకు నామోషీ అయింది. నేనొక్కడినే చెయ్యగలనని నువ్వు రాసిన మాట వదులుకోబుద్ధి కాలేదు.

నువ్వు మూడు వారాలు ఆ తీగ సంగతి నా దగ్గర దాచావంటే, నొప్పితో పడుకుని కూడా నా గురించి ఆలోచించావన్నమాట. నేను ఏ మొహం పెట్టుకుని నీకు రాయను?

ఆ పెట్టె తిరిగి పంపించెయ్యి. పగలగొట్టినా సరే. ఇక నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకోను.

నీ బావ


మిల్లు క్వార్టర్లు,
ఆగస్టు ఆరు

రేడియో బావకి,

మీ చెల్లి టైపు చేస్తోంది, నేను చెబుతున్నాను. మధ్యలో ఆవిడ సొంత కవిత్వం చేరిస్తే నా బాధ్యత లేదు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు రాయనిది కోపంతో కాదు. ముందు తెలుసుకోవలసింది ఒకటుండి, అది తెలిసేదాకా ఆగాను.

మా మిల్లులో మీటర్లు బాగుచేసే మెకానిక్ ఉన్నాడు. సోల్డరింగ్‌లో అతన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు, కళ్ళు గద్దకళ్ళు. నీ రిసీవర్‌లో ప్రతి జాయింటూ అతని చేత మళ్ళీ పెట్టించాను. పెంకిదాన్ని బల్లకి బోల్టులతో బిగించి, లోపల రిసీవర్ పెట్టి, ఇంజను పూర్తి జోరు మీద నడిపాను. ఆరో నిమిషంలో అదే తీగ, అక్కడే ఊడింది. మళ్ళీ పెట్టించాను. ఈసారీ ఆరో నిమిషంలోనే. మూడోసారీ అంతే.

అప్పుడు రెక్కలు తీసి తూచాను. ఒకటి రెండోదానికంటే అగ్గిపుల్లంత బరువు ఎక్కువుంది. అగ్గిపుల్లే కదా అనుకోకు. ఆ వేగంలో అది నిమిషానికి వెయ్యిసార్లకు పైగా రిసీవర్‌ని సుత్తితో కొట్టినట్టే. ఆ దెబ్బలకి ఏ జాయింటూ ఆగదు. రెక్కలు సమానంగా తూచి, రిసీవర్ చుట్టూ స్పాంజి చుట్టి మళ్ళీ నడిపాను. నలభై నిమిషాలు నడిచింది. తీగ చెక్కుచెదరలేదు. ఇంధనం అయిపోయి ఆగింది.

కాబట్టి లెక్క ఇది. నీ జాయింటు నాలుగు నిమిషాలు ఆగింది, గద్దకళ్ళ మెకానిక్‌ది ఆరు. ఆ రెండు నిమిషాలు నీ కంటివి. మిగతాదంతా నా రెక్కలది. నువ్వు ఎంత బాగా పెట్టినా ఆ సాయంత్రం కాకపోతే మర్నాడు ఊడేది. నీ వాటా నువ్వు తీసుకో, నా వాటాకి చెయ్యి చాపకు.

పైగా ఇది జరక్కపోతే నేను రెక్కల్ని అంత సన్నంగా తూచేవాడిని కాదు. పెంకిది మొదట్నుంచీ ఎందుకు వణికేదో ఇప్పుడు తెలిసింది.

నాకు కొత్త రిసీవర్ కావాలి, ఇంకా తేలికది. బొమ్మ గీసి పంపు. ఐరన్ మీ చెల్లి పట్టుకుంటుంది. నువ్వు వెంటనే వెళ్ళి కళ్ళు చూపించుకో. ఇది కోరిక కాదు.

ఇంజనీరు బావ

అన్నయ్యా, ఇది నా కవిత్వం. మూడోసారి తీగ ఊడినప్పుడు ఆయన్ని అడిగాను. "ఒకవేళ మెకానిక్ పెట్టింది ఊడకుండా ఉంటే, తప్పంతా అన్నయ్యదే అని తేలితే ఏం రాసేవారు?" ఆయన, "అదీ రాసేవాణ్ణే. కాకపోతే ఇంకొంచెం ఆలస్యంగా" అన్నారు. నువ్వు ఓడల అబద్ధం చెప్పీ, నేను "మేము క్షేమం" అని టైపు చేసీ ఇద్దరం ఓడిపోయాం. అది చెప్పించిన ఆయనా ఓడిపోయారు. డాక్టరు దగ్గరికి వెళ్ళు. — చిట్టి


కంటి ఆస్పత్రి, మగవాళ్ళ వార్డు,
అక్టోబరు పన్నెండు

చిట్టికీ, బావకీ,

ఇది నర్సమ్మ రాస్తోంది. నా రెండు కళ్ళకీ కట్టు ఉంది, తల కదపకూడదు. ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. కుడిది తర్వాత చేస్తారట. బాగా జరిగిందని డాక్టరు చెప్పారు. బాగా జరిగిందని నేను కూడా చెబుతున్నాను అని నర్సమ్మ అంటోంది.

నేను పంపిన బొమ్మ ప్రకారం కొత్త రిసీవర్ చేశారా? ఎవరు ఎగరేస్తున్నారు? బావ చేత్తో రెండు కర్రలు తిప్పడం కుదరదు. మెకానిక్కా? ఎవరైనా ముందు తాళ్ళు కట్టి నేర్చుకోమనండి.

ఇక్కడ పక్క మంచం ఆయనకి బావ గురించి రోజూ చెబుతున్నాను. ఆయన మొదట నేను మత్తులో మాట్లాడుతున్నాననుకున్నాడు. ఇప్పుడు పొద్దున్నే "హెలికాప్టర్ ఏమైంది?" అని ఆయనే అడుగుతున్నాడు. మేమందరమూ అడుగుతున్నాము అని నర్సమ్మ రాసుకుంటోంది. త్వరగా రాయండి.

అన్నయ్య


మిల్లు క్వార్టర్లు,
డిసెంబరు, సోమవారం

అన్నయ్యా,

కళ్ళజోడు వచ్చిందని రాశావు. సోడాబుడ్డి అద్దాలైనా ఫరవాలేదు, ఈ ఉత్తరం నువ్వే చదువుకుంటావు కదా. ఇంకా నెలరోజులు ప్రయాణం చెయ్యొద్దన్నారు కాబట్టి నిన్న జరిగింది నువ్వు చూడలేకపోయావు. వార్డులో అడిగిన ప్రశ్నకి కావాలనే ఇన్నాళ్ళూ జవాబివ్వలేదు. ఎగరేసేది మెకానిక్ కాదు, నేను.

మెకానిక్ రెండు వారాలు ప్రయత్నించాడు. ఏ కర్ర తిప్పాలన్నా ముందు తన చేతుల వంక చూసుకునేవాడు. అంతలో పెంకిది ఒరిగిపోయేది. ఒక సాయంత్రం ఆయన నన్ను చూసి, "నువ్వు టైపు చేసేటప్పుడు వేళ్ళు చూసుకుంటావా?" అన్నారు. "చూసుకుంటే మా మేనేజరు ఊరుకుంటారా?" అన్నాను. ఆ మర్నాడే పెట్టె నా మెడలో వేశారు.

తేలిగ్గా వచ్చిందనుకోకు. నేర్పేవాళ్ళు ఎవరూ లేరు, ఇంతవరకూ ఎవరికీ వస్తే కదా! దాని ముక్కు నా వైపు తిరిగితే నా కుడి దానికి ఎడమైపోతుంది. రెండుసార్లు విరగ్గొట్టాను. ఆయన విరిగిన ముక్కలన్నీ బల్ల మీద పేర్చి, ఏది ముందు విరిగిందో చూసి, అక్కడ బలం పెంచి మళ్ళీ కట్టారు. చివరికి నేనొక ఉపాయం కనిపెట్టాను. అది ఎటు తిరిగితే నేనూ భుజం అటే తిప్పి నిలబడటం మొదలుపెట్టాను. ఇక తికమక లేదు. చూసేవాళ్ళకి నేను నాట్యం చేస్తున్నట్టుంటుందట. ఉండనీ.

నిన్న ఉదయం విమానాల క్లబ్బువాళ్ళు వచ్చారు. మైదానంలో సున్నంతో గడి గీశారు. అందులోంచి లేవాలి, జెండా కర్ర చుట్టూ తిరగాలి, మళ్ళీ అందులోనే దిగాలి, తాళ్ళు లేకుండా. లేపాను. తలెత్తున నిలబడింది, అన్నయ్యా, గాలిలో మేకు కొట్టి తగిలించినట్టు. జెండా చుట్టూ తిప్పాను. ఏడు నిమిషాల తర్వాత గడిలో దింపాను. ఒక కాలు గీత మీద పడింది, అది లోపలికిందే లెక్క అని క్లబ్బు అధ్యక్షుడు చెప్పాడు. పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా బొమ్మ విమానాలు ఎగరేస్తున్నవాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని మా ఆయన దగ్గరికి వచ్చి, "ఇది చూడకుండానే పోతాననుకున్నానండీ" అన్నాడు. క్వార్టర్లవాళ్ళూ వచ్చారు. పక్కింటాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఎవరో నక్షాలు చూపిస్తారా అని అడిగారు. మిల్లు పెద్ద ఇంజనీరు ఆయన చెవిలో, "ఇవ్వకండి, బీరువాలో పెట్టి తాళం వెయ్యండి" అన్నాడు. ఆయన నక్షాలు అక్కడే నేల మీద పరిచేశారు. "కాపీ చేసుకోండి. మా తప్పులు కూడా పక్కనే రాసున్నాయి, అవి మాత్రం మళ్ళీ చెయ్యకండి, కొత్తవి చెయ్యండి" అన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని ఎంతమంది కాపీ చేసుకున్నారో! రిసీవర్ బొమ్మ కింద నీ పేరు చూపించి, "ఇది మా బావ చేసింది" అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పారు.

నీకు అసలు రాయాలనుకున్నది ఇది కాదు, ఇవాళ పొద్దున జరిగింది.

ఆఫీసుకి తయారవుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడి, "నాకు నేర్పుతావా?" అని అడిగారు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ప్రమాదం తర్వాత ఎగరేయడానికి ఆయన పెట్టె పట్టుకోనే లేదు. తాళ్ళు లేకుండా ఒక్కసారి కూడా ఎగరేయలేదు. అన్ని నెలలూ కట్టారు, తూచారు, బాగుచేశారు, నేను ఎగరేస్తుంటే చూశారు.

గోదాము వెనక్కి వెళ్ళాం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. పెట్టె ఆయన మెడలో వేశాను. కుడి కర్ర మీద ఉంగరపు వేలూ బొటనవేలూ పెట్టించాను. "భయంగా ఉందా?" అన్నాను. "చాలా" అన్నారు.

లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు. ఊగింది, ఆయన సర్దారు, మళ్ళీ ఊగింది, మళ్ళీ సర్దారు. తర్వాత నిలబడింది. నేను ఆయన మొహం చూస్తున్నాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను కొంగుతో తుడిచాను. చూపు దాని మీంచి తిప్పకుండా, మెల్లగా, గట్టిగా అంటే అది పడిపోతుందేమో అన్నట్టు అడిగారు.

"చిట్టీ, ఇప్పుడు దీన్ని దించడం ఎలా?"

అన్నయ్యా, దాన్ని కనిపెట్టిన మనిషి నన్నడిగిన మాట అది.

"నెమ్మదిగా. కంగారు పడకండి. నేనున్నాను" అన్నాను.

దించారు. ఆఫీసుకి టైమైపోతోందని పెట్టె కోసం చెయ్యి చాపాను. ఇవ్వలేదు. "ఇంకొక్కసారి" అన్నారు.

చిట్టి